పురికొల్పడం వేరు, స్ఫురించడం వేరు

(రవాణా రంగంలో కొత్తగా బాధ్యతలు చేపట్టిన అధికారుల శిక్షణ తరగతిలో, పదవీ విరమణ చేసిన ఒక డిపో మేనేజర్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసింది.)

మిత్రులారా, అందరికీ నమస్కారం. భోజనం తర్వాతి తరగతిని నాకు అప్పగించారు. ఈ వేళ సభను నిద్రపోకుండా కూర్చోబెట్టగలవాడు మోటివేషనల్ స్పీకర్ ఒక్కడేనని నిర్వాహకులు అనుకొని ఉండవచ్చు. నేను ఆ కోవకు చెందినవాణ్ని కాను. ముప్పై ఏళ్లకు పైగా డిపోల్లో, గ్యారేజీల్లో, డీజిల్ వాసనలో గడిపినవాణ్ని. చప్పట్లు కొట్టించడం నాకు చేతకాదు, కాబట్టి నిద్ర వచ్చినవారు నిస్సంకోచంగా నిద్రపోవచ్చు. నైట్ డ్యూటీ చేసి వచ్చినవారు మీలో ఉన్నారని నాకు తెలుసు.

నా వెనక ఉన్న బ్యానరును ఒకసారి చూడండి. ‘ఉద్యోగులను మోటివేట్ చేయడం, ఇన్‌స్పైర్ చేయడం’ అని రాశారు. ఆ రెండింటి మధ్య ఒక కామా పెట్టారు. రాసినవారి దృష్టిలో ఆ రెండూ అన్నదమ్ముల్లాంటి మాటలు, ఒకటి అంటే రెండోదీ అన్నట్టే. నేను ఈ గంటసేపూ ఆ కామా గురించే మాట్లాడతాను.

ముందు మన భాషలో చూద్దాం. మోటివేట్ చేయడానికి మనకున్న మంచి తెలుగు మాట పురికొల్పడం. నేను అతణ్ని పురికొల్పాను అంటాం. చేసేవాడు నేను, చేయించుకునేవాడు అతడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు పురికొస గుర్తొస్తుంది. నారకు పురి పెట్టేటప్పుడు చూశారా ఎవరైనా? చేత్తో మెలి తిప్పుతున్నంతసేపూ అది బిగుస్తూనే ఉంటుంది, ముడి వేయకుండా చెయ్యి వదిలేస్తే గిర్రున వెనక్కి తిరిగి మళ్లీ నారగా మారుతుంది. ఇప్పుడు రెండో మాటకు రండి. ఇన్‌స్పిరేషన్‌ను మనం స్ఫూర్తి అంటాం. దాని క్రియ ఏమిటి? స్ఫురించడం. ‘నేను నిన్ను స్ఫురించాను’ అని ఎవరైనా అంటారా? అనరు. ‘నాకు స్ఫురించింది’ అంటాం. ఆకలి వేసింది, నిద్ర వచ్చింది, గుర్తొచ్చింది అన్నట్టుగానే, అది ఎవరిలో జరగాలో వారిలోనే జరుగుతుంది. పక్కవాడు దాన్ని చేయలేడు. స్ఫూర్తినిచ్చాడు అనే వాడుక కూడా ఉందని మీరు అనవచ్చు, ఉంది. అయినా ఎవరినైనా అడిగి చూడండి, ‘ఫలానా ఆయన నుంచి నేను స్ఫూర్తి పొందాను’ అనే చెబుతారు. పొందినవాడే చెప్పాలి. ఇచ్చినవాడు ‘నేను ఇచ్చాను’ అని చెప్పుకుంటే మనకు నవ్వొస్తుంది.

ఈ వ్యాకరణం ఎందుకు చెబుతున్నానంటే, అధికారులుగా మనం చేసే పొరపాటంతా ఇక్కడే ఉంది. పురికొల్పడం మన చేతిలో పని. దానికి సర్క్యులర్ ఇవ్వవచ్చు, లక్ష్యం పెట్టవచ్చు, బహుమతి ప్రకటించవచ్చు, చార్జిషీటు కూడా ఇవ్వవచ్చు. రెండోదాన్ని కూడా ఆ దారిలోనే సాధించాలని చూస్తాం. స్ఫూర్తి కలిగించవలసిందిగా ఆదేశిస్తూ సర్క్యులర్ జారీ చేసిన పై అధికారిని నేను చూశాను. నవ్వకండి, నిజంగానే చూశాను.

పురికొల్పడాన్ని నేను తక్కువ చేయడం లేదు. అది పనిచేస్తుంది. ఎంత బాగా పనిచేస్తుందో మొదట లెక్కగట్టి చూపినవారిలో అమెరికాకు చెందిన ఫ్రెడరిక్ టేలర్ ఒకరు. 1899లో పెన్సిల్వేనియాలోని బెత్లెహెం ఉక్కు కర్మాగారంలో దుక్క ఇనుము దిమ్మలను రైలు వ్యాగన్లలోకి ఎక్కించే కూలీలు ఉండేవారు. ఒక్కో దిమ్మ దాదాపు 42 కిలోలు. మనిషి రోజుకు పన్నెండున్నర టన్నులు మోసేవాడు, కూలి డాలరు పదిహేను సెంట్లు. టేలర్ ఒక కూలీని ఎంచుకొని, ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు నడవాలో, ఎప్పుడు కూర్చోవాలో గడియారం పట్టుకొని చెప్పించి, కూలిని డాలరు ఎనభై అయిదు సెంట్లకు పెంచి, రోజుకు నలభై ఏడున్నర టన్నులు మోయించానని తర్వాత తానే రాసుకున్నారు. పని దాదాపు నాలుగు రెట్లు అయింది, కూలి అరవై శాతం పెరిగింది. ఆ లెక్క ఎవరికి లాభమో మీరే చూసుకోండి. అంత బరువు మోయగలిగినవాడు ఎనిమిది మందిలో ఒక్కడేనని కూడా ఆయనే రాశారు. మిగిలిన ఏడుగురి సంగతి ఏమిటన్నదే నాకు ఎప్పుడూ వచ్చే సందేహం.

టేలర్ గారిని విమర్శించే అర్హత నాకు లేదు, ఎందుకంటే నేనూ అదే పని చేశాను. నేను పనిచేసిన సంస్థ పేరు, డిపో పేరు ఇక్కడ అనవసరం. తప్పు నాది. డిపో మేనేజరుగా నాకు అది రెండో పోస్టింగు. మా డిపో కేఎంపీఎల్‌లో అట్టడుగున ఉండేది. లీటరు డీజిల్‌కు బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న లెక్క అది, మీకు వివరించనక్కరలేదు. నేను చేరిన నెలలోనే గేటు పక్కన ఒక బోర్డు పెట్టించాను. ఎక్కువ కేఎంపీఎల్ తెచ్చిన పది మంది డ్రైవర్ల పేర్లు పైన, తక్కువ తెచ్చిన పది మంది పేర్లు కింద, ఎర్ర రంగులో. పైవారికి నగదు బహుమతి. కిందివారికి నా గదిలో కౌన్సెలింగు. మూడు నెలలు తిరిగేసరికి అట్టడుగున ఉన్న మేము రీజియన్‌లో పైవరుసకు చేరాం. నన్ను మీటింగులో నిలబెట్టి అభినందించారు. ఆ రోజు నేను నిజంగానే, డ్రైవర్లలో స్ఫూర్తి నింపాను అని మైకులో అన్నాను. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

ఆ తర్వాత ఏమైంది? మా డిపో రూట్లలో ఒకదాంట్లో ఏటవాలు దారి ఉంది. బోర్డులో ఎప్పుడూ పైవరుసలో ఉండే ఒక డ్రైవర్ ఆ వాలులో బండిని న్యూట్రల్‌లో వదిలి దిగుతున్నాడు. డీజిల్ మిగులుతుందని లెక్క. న్యూట్రల్‌లో దిగితే ఇంజన్ పట్టు ఉండదు, బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది, అది ఆయనకూ తెలుసు. ఒకరోజు వాలు చివర మలుపులో బండి నిలవలేదు. కల్వర్టు గోడను రాసుకుంటూ వెళ్లి ఆగింది. లోపల నలభై మందికి పైగా ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు, అది నా అదృష్టం. విచారణలో నేను ఆయన్ను ఎందుకిలా చేశావని అడిగాను. ఆయన నాకంటే పదేళ్లు పెద్దవాడు, ఇరవై ఏళ్లకు పైగా ప్రమాదం లేకుండా బండి నడిపినవాడు. తల దించుకొని ఒకే మాట అన్నాడు: ‘సార్, మా అమ్మాయి రోజూ గేటు ముందు నుంచే కాలేజీకి పోద్ది. నా పేరు కింద ఉంటే చదివిద్ది సార్.’

నేను చార్జిషీటు రాయవలసి వచ్చింది, రాశాను. నిజానికి ఆ బండిని న్యూట్రల్‌లోకి వేసింది నా బోర్డు. మంచి డ్రైవర్‌గా ఉండాలన్న పట్టుదల ఆయనకు మొదటి నుంచీ ఉంది. నేను దాన్ని తీసేసి దాని స్థానంలో ఒక అంకెను పెట్టాను. ఇక్కడ మీరు గమనించవలసింది ఒకటుంది. పురికొల్పినప్పుడు మనిషి మనం కొలిచేదాన్ని పెంచుతాడు. మనం కొలవనిదాన్ని, ఆ రోజుల్లో నేను కొలవనిది ప్రయాణికుడి ప్రాణం, అతడు దానికోసం ఖర్చుపెట్టేస్తాడు. అతడు చెడ్డవాడై కాదు, మనం చెప్పిన మాట విన్నాడు కాబట్టి.

ఇప్పుడు మీ అందరికీ తెలిసిన కథ ఒకటి చెబుతాను. తెలిసిన కథే కాబట్టి దాన్ని డిపో మేనేజర్ కళ్లతో చూద్దాం. కిష్కింధలో సుగ్రీవుడు వానరులను సీతాన్వేషణకు నాలుగు దిక్కులకు పంపాడు. తూర్పుకు వినతుడు, పడమటికి సుషేణుడు, ఉత్తరానికి శతబలి, దక్షిణానికి అంగదుడు, హనుమంతుడు, జాంబవంతుడు ఉన్న జట్టు. ఆదేశం ఏమిటి? గడువు ఒక నెల. సీతమ్మ జాడ తెలిపినవాడు నాతో సమానమైన భోగాలు అనుభవిస్తాడు. గడువు దాటి వచ్చినవాడికి మరణదండన. బహుమతి ఉంది, శిక్ష ఉంది, గడువు ఉంది, ఏరియా వారీగా పంపకం ఉంది. ఇంతకంటే పకడ్బందీ టార్గెట్ సర్క్యులర్ నా సర్వీసులో నేను చూడలేదు.

ఫలితం చూడండి. మూడు దిక్కుల జట్లు నెల తిరిగేసరికి ఠంచనుగా తిరిగొచ్చి, వెతికాం, కనపడలేదు అని నివేదిక ఇచ్చేశాయి. గడువు పాటించారు, వారి ఫైలు మూతపడింది. దక్షిణానికి వెళ్లినవారు స్వయంప్రభ గుహలో చిక్కుకొని గడువు దాటిపోయారు. అప్పుడు వారేం చేశారు? ఇంకా గట్టిగా వెతికారా? లేదు. తిరిగి వెళితే సుగ్రీవుడు చంపుతాడు, ఆ చావేదో ఇక్కడే చద్దామని అంగదుడు అన్నాడు, అందరూ దర్భలు పరచుకొని ప్రాయోపవేశానికి కూర్చున్నారు. భయం వారిని అక్కడిదాకా నడిపించింది, ఆ భయమే వారిని అక్కడ కూలేసింది. గడువు దాటిన మరుక్షణం గడువుకున్న బలం పోతుంది. మార్చి 31 దాటాక ఏప్రిల్ 1న మీ ఆఫీసు ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

తర్వాత సంపాతి వచ్చి సీతమ్మ లంకలో ఉందని చెప్పాడు. సమాచారం దొరికింది, ఎదురుగా నూరు యోజనాల సముద్రం ఉంది. అంగదుడు నాయకుడు కదా, ఎవరెంత దూకగలరో చెప్పమన్నాడు. గజుడు పది యోజనాలన్నాడు, గవాక్షుడు ఇరవై అన్నాడు, అలా ఒక్కొక్కరూ పెంచుకుంటూ పోగా, జాంబవంతుడు ఈ వయసులో తొంభై వరకు దూకగలనన్నాడు. అంగదుడు తాను నూరూ దూకుతానని, తిరిగి రాగలనో లేదో చెప్పలేనని అన్నాడు. దీన్ని మనం రివ్యూ మీటింగు అంటాం. అందరూ తమ తమ అంకెలు చెప్పారు. పని ఆగిపోయింది.

ఆ మీటింగులో ఏ అంకే చెప్పని ఒకడున్నాడు. పక్కగా, మౌనంగా కూర్చున్నాడు. జాంబవంతుడు మొదట అంగదుణ్ని ఆపాడు, నువ్వు నాయకుడివి, నువ్వు వెళ్లకూడదన్నాడు. ఆ తర్వాత లేచి ఆ మౌనంగా ఉన్నవాడి దగ్గరకు వెళ్లాడు. ఏం చెప్పాడు? బహుమతి మాట ఎత్తాడా? ఎత్తలేదు. సుగ్రీవుడి దండన గుర్తు చేశాడా? చేయలేదు. నువ్వు ఎవరి కొడుకువో చెప్పాడు. పసితనంలో ఉదయించే సూర్యుణ్ని పండనుకొని ఆకాశంలోకి ఎగిరావన్నాడు, ఇంద్రుడి వజ్రం తగిలి దవడ విరిగిందన్నాడు, వాయుదేవుడు అలిగితే దేవతలు దిగివచ్చి వరాలిచ్చారన్నాడు. నేనూ ఒకప్పుడు బలవంతుణ్నే, ఇప్పుడు ముసలివాణ్నయ్యాను అని కూడా అన్నాడు. ఆఖరికి, ఇంతమందీ నీవైపే చూస్తున్నాం అన్నాడు. అంతే. హనుమంతుడు పెరిగాడు.

జాంబవంతుడు హనుమంతుడికి కొత్తగా ఏమీ ఇవ్వలేదు, ఉన్నదాన్ని చూపించాడు. చూపించగలగడానికి కారణం ఒకటే, ఆ మనిషి కథ ఆయనకు పూర్తిగా తెలుసు. మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను, సమాధానం బయటికి చెప్పనక్కరలేదు. మీ కింద పనిచేసే మనుషుల్లో స్టాఫ్ నంబరు కాకుండా ఇంకేదైనా మీకు తెలిసినవారు ఎంతమంది ఉన్నారు? ఆయన ఏ ఊరివాడు, ఎందుకు ఈ ఉద్యోగంలోకి వచ్చాడు, ఏ పనిలో చెయ్యి తిరిగినవాడు? నేను రెండో పోస్టింగులో ఉన్నప్పుడు నన్ను ఈ ప్రశ్న అడిగి ఉంటే, ఐదు వేళ్లూ ముడవగలిగేవాణ్ని కాను.

సుగ్రీవుడి గురించి కూడా ఒక మంచిమాట చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. హనుమంతుడు పని ముగించుకొని తిరిగొచ్చాక, ఆ జట్టంతా దారిలో సుగ్రీవుడి మధువనంలో పడి తేనె తాగి, చెట్లు విరిచి, కాపలాదారు దధిముఖుణ్ని చితకబాదారు. ఆయన లబోదిబోమంటూ వచ్చి రాజుకు ఫిర్యాదు చేశాడు. మీరైతే ఏం చేస్తారు? మెమో ఇస్తారు. సుగ్రీవుడు ఆ ఫిర్యాదు విని సంతోషించాడు, పని పాడుచేసుకొచ్చినవాళ్లకు ఇంత ధైర్యం రాదు, సీతమ్మ జాడ దొరికి ఉంటుందని గ్రహించాడు. ఫిర్యాదు కాగితాన్ని అలా చదవగలిగిన అధికారి ఎక్కడున్నా నేను దండం పెడతాను.

ఇక గ్యారేజీకి వద్దాం, నేను నేర్చుకున్నది అక్కడే. కల్వర్టు ఘటన తర్వాత బోర్డు తీయించేశాను. కొన్నేళ్లకు మరో డిపోకు వెళ్లాను. అక్కడ సమస్య బ్రేక్‌డౌన్లు. పల్లెవెలుగు బండ్లు దారిలో ఆగిపోతున్నాయి, ముఖ్యంగా నైట్ హాల్ట్ బస్సులు. రాత్రి పల్లెలో పడుకొని తెల్లవారుజామున బయలుదేరే బండ్లు అవి. గ్యారేజీలో మెకానిక్‌లు పనిమంతులే. జాబ్ కార్డులో ఉన్న పనులన్నీ చేసినట్టు టిక్కులు పడుతున్నాయి. మరి బండి ఎందుకు ఆగుతోంది? నేను మెమోలు ఇచ్చి చూశాను, టిక్కులు ఇంకా స్పష్టంగా పడ్డాయి, బండ్లు మాత్రం అలాగే ఆగాయి.

ఒకరోజు ఏమీ తోచక, మా సీనియర్ మెకానిక్‌ను, మేస్త్రీ అని పిలిచేవాళ్లం, ఆయన్నూ గ్యారేజీలో చేతిసాయం చేసే ఒక శ్రామిక్‌నూ వెంటబెట్టుకొని సాయంత్రం నైట్ హాల్ట్ బస్సు ఎక్కాను. రాత్రి ఆ ఊళ్లోనే బడి వరండాలో పడుకున్నాం. దోమల సంగతి ఇప్పుడు వద్దు. తెల్లవారుజామున ఐదు గంటలకు బండి తీశారు. మొదటి స్టేజీలో కూరగాయల గంపలతో నలుగురు ఆడవాళ్లు ఎక్కారు. తర్వాత డయాలసిస్ కోసం పట్నం పోయే ఒక పెద్దాయన, కొడుకు ఎత్తి లోపల కూర్చోబెట్టాడు. మూడో స్టేజీలో పదిమంది దాకా ఆడపిల్లలు, టిఫిన్ క్యారియర్లతో, కాలేజీకి. వాళ్లలో ఒక పిల్ల కండక్టరును అడిగింది: ‘అన్నా, ఇయ్యాల బండి మంచిగనే ఉన్నదా? మొన్న ఆగిపోతే నా పరీక్ష పోయింది.’

కండక్టరు ఏం చెప్పాడో నాకు గుర్తులేదు. మా మేస్త్రీ ముఖం మాత్రం గుర్తుంది. ఆయన పాతికేళ్లుగా ఆ బండ్లను బాగుచేస్తున్నాడు, ఖాళీ బండి తప్ప నిండిన బండిని చూడలేదు. ఆయన డ్యూటీ రాత్రి. బండి గ్యారేజీలోకి ఖాళీగా వస్తుంది, ఖాళీగా పోతుంది. ఆయన ఎవరికోసం నట్టు బిగిస్తున్నాడో ఆయనకు ఎవరూ చూపించలేదు. దారిపొడవునా ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, ఆ ఒక్క తెలివి ఆ రోజు నాకు ఎలా వచ్చిందో తెలియదు. నాకున్న అలవాటుకు అక్కడే ఒక ప్రసంగం చేసి ఉండవలసింది.

మర్నాటి రాత్రి నేను గ్యారేజీకి వెళ్లేసరికి, ఆయన ఆ బండి కింద పడుకొని, జాబ్ కార్డులో లేని ఒక డీజిల్ పైపు కీలును టార్చి వేసి చూస్తున్నాడు. ‘రేపటికి ఆగదులే సార్’ అన్నాడు, కిందనుంచే. నేను ఆయన్ను మోటివేట్ చేశానా? బస్సు ఎక్కించాను, అంతే. మిగిలింది ఆయనకే స్ఫురించింది.

ఇది నా ఒక్కడి అనుభవం అనుకోకండి. అమెరికాలో ఆడమ్ గ్రాంట్ అనే పరిశోధకుడు 2007లో ఇటువంటిదే ఒకటి ప్రచురించారు. ఒక విశ్వవిద్యాలయానికి విరాళాల కోసం ఫోన్లు చేసే కాల్ సెంటర్ ఉద్యోగులున్నారు. ఆ డబ్బుతో చదువుకుంటున్న ఒక విద్యార్థిని వారి ముందు కొద్ది నిమిషాలు కూర్చోబెట్టారు. నెల తర్వాత చూస్తే వారు ఫోనులో గడిపిన సమయమూ, తెచ్చిన విరాళాలూ రెట్టింపు దాటాయి. అటువంటి విద్యార్థి రాసిన ఉత్తరాన్ని మాత్రమే చదివిన మరో బృందంలో మార్పు రాలేదు. జీతం పెంచలేదు, లక్ష్యం పెట్టలేదు. మా మేస్త్రీకి నేనూ మొదట్లో ప్రయాణికుల ఫిర్యాదు కాగితాలే చూపించాను, ఆయన చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. మనిషిని చూడటం వేరు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి, ఎందుకంటే మీలో కొందరి కళ్లలో ఒక మెరుపు కనిపిస్తోంది, బహుమతుల బడ్జెట్ మిగులుతుందని. స్ఫూర్తి జీతానికి బదులు కాదు. 1959లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం పిట్స్‌బర్గ్ ప్రాంతంలో రెండు వందల మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను విచారించి రాసిందీ దాదాపు ఇదే. జీతం, పై అధికారి తీరు, పనిచేసే చోటు సరిగా లేకపోతే మనిషి కుంగిపోతాడు, అవి సరిగా ఉన్నంతమాత్రాన పనిమీద ప్రేమ పుట్టదు. రెండూ రెండు వేర్వేరు ఖాతాలు. ఒకదానిలో బాకీ ఉంచుకొని రెండోదానిలో జమ చేస్తామంటే కుదరదు. డీఏ బకాయిలు ఆపి, రెస్ట్ రూములో ఫ్యాను బాగుచేయించకుండా, సేవాభావం గురించి ఉపన్యాసం ఇచ్చే అధికారిని డ్రైవర్లు ఏమంటారో నేను ఈ సభలో చెప్పలేను. ఎవరికైనా కావాలంటే టీ విరామంలో చెబుతాను.

మాటల గురించే ఇంకొకటి. శ్రీహరికోట నుంచి 1979 ఆగస్టు 10న ఉపగ్రహాన్ని మోసుకెళ్లే రాకెట్ ఎస్ఎల్‌వీ-3 తొలి ప్రయోగం విఫలమైంది. ఆ ప్రాజెక్టుకు నాయకుడు కలాం గారు, ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ గారు. విలేకరుల ముందుకు ధావన్ గారే వెళ్లి వైఫల్యాన్ని తన మీద వేసుకున్నారనీ, 1980 జులై 18న విజయం వచ్చినప్పుడు మాత్రం కలాం గారినే వెళ్లి మాట్లాడమన్నారనీ కలాం గారు తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. చాలాసార్లు విన్న కథే. అయినా ఒకటి గమనించారా? ఆ కథలో ధావన్ గారు తన జట్టును కూర్చోబెట్టి ధైర్యం చెప్పిన ఘట్టమే లేదు. ఆయన మాట్లాడింది బయటివారితో. జట్టు పక్కన నిలబడి వింది.

నాకిచ్చిన సమయం అయిపోవచ్చింది. నన్ను పిలిచినవారు చివర్లో ఐదు సూత్రాలు చెప్పమన్నారు, స్లైడు కూడా తయారుచేశారట. ఆ స్లైడు వేయవద్దని మనవి చేస్తున్నాను. సూత్రాలు చెబితే మీరు రాసుకుంటారు, రాసుకొని మీ డిపోల్లో బోర్డు మీద పెడతారు. బోర్డులతో నా అనుభవం మీకు చెప్పాను కదా. ఇక మీ ప్రశ్నలు. వెనక వరుసలో, ఇందాక న్యూట్రల్ మాట రాగానే తల దించుకొని నవ్విన మిత్రుడున్నారు, ముందు ఆయన మాట్లాడాలని నా కోరిక.